బిగబట్టుడు, వదులుడు

ఏన్కూరు మిరపతోటల్లో కూలి చేసే బుచ్చెమ్మకు అయిదు కాన్పులు. కడుపు లోపలికి పోవాలని ప్రతిసారీ పాతచీరతో నడికట్టు బిగించుకుని, పచ్చి బాలింతగానే మిరపకాయ ఏరటానికి పోయింది. ఆఖరి కాన్పు తర్వాత గర్భసంచి జారింది. ఎవరికి చెప్పుకుంటది? అడుగున గుడ్డ కట్టుకుని పనికి పోతనే ఉంది.

పందొమ్మిదివందల ఎనభై ఆరు చలికాలంలో కోడలు సరోజన కన్నది. బుచ్చెమ్మ ఆమెకూ నడికట్టు కడుతుంటే దవాఖానా నర్సమ్మ వచ్చింది.

"గంత బిగించకు పెద్దమ్మా, లోపలిది కిందికే తోస్తది. సరోజనా, ఒంటేలు పడకుండ ఆపుకుంటం చూడు, గట్ల కింది కండను బిగబట్టు, కొంచెంసేపు ఆగి వదులు. రోజూ చెయ్యి, గర్భసంచికి ఆసరా ఉంటది. బరువులు ఎత్తకు."

బుచ్చెమ్మకు ఒళ్లు మండింది. "ఏందమ్మా నువ్వు చెప్పేది! తోటలో మగోళ్లుంటరని పొద్దుగూకేదాక ఆపుకున్నదాన్నే. గట్లయితే నాది ఇనుమై ఉండాలె."

"గది వేరు. ఒంటేలు వచ్చినంక ఆపుకుంటే చెరుపే. ఇది బిగబట్టాలె, మళ్లీ పూర్తిగా వదలాలె."

వదలాలని బుచ్చెమ్మకు ఇన్నేండ్లల్లో ఎవరూ చెప్పలేదు.

నర్సమ్మ పోయినంక సరోజన అలవాటుకొద్దీ నీళ్లబిందె అందుకుంది. బుచ్చెమ్మ గుంజుకుంది. "కూసో. నర్సమ్మ చెప్పింది చేస్కో."

బుచ్చెమ్మ బిందె చంకనెత్తుకోంగనే గర్భసంచి గుడ్డ మీదికి మళ్లీ జారింది. గడప కాడ ఆగి, ఆమె కూడా మెల్లగా బిగబట్టి చూసింది. బిగబట్టుడు వచ్చింది. బిందె దించుడే రాలేదు.