ముప్పై ఏడు మందికి ఒకటే నంబరు

"...అలాగని ఏలు కోసి నీ మిషన్లో ఎట్టీమంటావేటి?"

"అంత మాటెందుకత్తా? కొంచెం తుడుసుకొని మళ్ళీ ఎట్టు అన్నాను. అంతే గదా!"

"నాలుగుసార్లు తుడిసాను. ఇంకోసారి తుడిత్తే గోరు కూడా ఊడొచ్చేత్తాది."

సచివాలయం వరండాలో వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. డిజిటల్ అసిస్టెంటు మన్మథరావు కూడా నవ్వాడు. వేలిముద్ర మిషన్ని చొక్కా అంచుతో తుడిచి, కాసులమ్మ చెయ్యి తనే పట్టుకుని బొటనవేలు ఆనించాడు. ఎర్ర లైటు వెలిగింది. మిగిలిన తొమ్మిది వేళ్ళకీ అదే లైటు.

కాసులమ్మ పింఛను కాగితాలు సరిచూపించుకోవడానికి వచ్చింది. యాభై రెండేళ్ళ మనిషి. పుట్టింది రావివలసలో. పదిహేడో ఏట ఈ ఊరి కోడలయింది. మొగుడు పోయి పదకొండేళ్ళు. అంతకు చాలా ముందునుంచే కాశీబుగ్గ జీడి ఫ్యాక్టరీకి వెళ్తోంది. ఇరవై మూడేళ్ళుగా కట్టర్ ముందు కూర్చుని జీడిపిక్కలు కొడుతోంది. పెంకులోంచి వచ్చే సొన చర్మాన్ని కాలుస్తుంది. ఎంత ఆముదం రాసుకున్నా, ఎంత బూడిద అద్దుకున్నా వేళ్ళ కొసలు నున్నగా అరిగిపోయాయి. ఆ వేళ్ళతోనే, కళ్ళు పక్కకి తిప్పి కబుర్లు చెబుతూ, విరగని గుండు ఏదో చీలిన బద్ద ఏదో వేరుచేస్తుంది. కొత్తగా చేరినవాళ్ళు పప్పుని ముక్కలు చేస్తే, "ఓలమ్మా, అది పిక్క, మీ అత్త బుర్ర కాదు" అంటుంది. ఆ తర్వాత పక్కన కూర్చోబెట్టుకుని నేర్పుతుంది.

వేలిముద్ర వెయ్యాల్సిన పని ఉందంటే ఆ ఆడవాళ్ళు వారం ముందే కట్టర్ వదిలి పొట్టు తీసే పనికి మారతారు. పూటపూటా కొబ్బరినూనె రాసుకుంటారు. వేలికి సెలవు పెట్టామని చెప్పుకుంటారు. ఒక్కోసారి గీతలు తిరిగొస్తాయి. కాసులమ్మకి ఈసారి వారం చాలలేదు.

వేలు పడకపోతే ఫోనుకి ఓటీపీ వస్తుంది. ఆ ఫోను ధర్మారావుది.

ధర్మారావు ఆమెకి చుట్టం కాదు. సర్పంచి సరోజిని భర్త. కొబ్బరితోట ఉన్నవాడు. పన్నెండేళ్ళ కిందట ఊళ్ళో ఆధార్‌లో పేర్లు ఎక్కించిన రోజున ఆడవాళ్ళలో చాలామందికి ఫోన్లు లేవు. మగవాళ్ళు విశాఖలోనో హైదరాబాదులోనో పనుల్లో ఉండి నెలకో సిమ్ము మార్చేవారు. ఎప్పుడూ మారని నంబరు ధర్మారావుది. ఎవరో ఒకావిడ అదే చెప్పింది. వెనకున్నావిడ "నాకూ అదే రాయి బాబూ" అంది. అలా ముప్పై ఏడు మంది.

ఆయన ఆ పనిని శ్రద్ధగానే చేశాడు. తమ్ముడి కూతురు పెళ్ళిలో సన్నాయి పక్కనే నిలబడి, ఒక చెవి మూసుకుని, ఆ ముప్పై ఏడు మందిలో ఒకరైన అమ్ములుకి ఓటీపీ ఆరంకెలూ అరిచి చెప్పాడు. ఓటీపీ ఎవరిదో తెలియక మూడిళ్ళు తిరిగిన రోజులున్నాయి. జ్వరం వచ్చినా ఫోను ఆపలేదు.

ఇవాళ మన్మథరావు చేస్తే ఆయన ఫోను అందలేదు. తోటలో సిగ్నల్ ఉండదు. కాసేపటికి ఆయనే మోపెడ్ మీద వచ్చాడు. చొక్కా నిండా కొబ్బరి పీచు.

"రోడ్డెక్కితే గానీ మెసేజి దిగనేదు. రాసుకో. నాలుగు, ఒకటి, ఏడు..."

"టైము అయిపోయింది మావా."

"మళ్ళీ కొట్టు."

"మూడుసార్లయింది. ఇంక రేపే."

ధర్మారావు బెంచీ మీద కూలబడ్డాడు. "కంగారుపడకు కాసులమ్మా. బుధవారం టెక్కలి ఎల్తన్నాను గదా. గట్టిగా సెప్పేత్తాను. ఓటీపీ టైము అరగంట సెయ్యమని."

టెక్కలిలో సమావేశం ఉందని వారం కిందట సర్పంచి నంబరుకి కబురొచ్చింది. ఆన్‌లైన్ సేవలు ఎలా ఉండాలో ఊళ్ళవాళ్ళని అడిగి తెలుసుకుంటారట. దానికో కమిటీ వేస్తారట. ఊరికొకరు, తప్పనిసరిగా ఆడవాళ్ళే. కాగితాల్లో సర్పంచి నంబరు కూడా ధర్మారావుదే. సరోజినికి కూతురు సాహిత్య కొనిచ్చిన ఫోను వేరే ఉంది గానీ ఆ నంబరు ఆఫీసులో ఎక్కడా లేదు. కబురు చూసుకుని, వస్తామని ఆయనే జవాబిచ్చాడు. పేరు పంపడానికి ఇవాళే ఆఖరు.

"ఆడవాళ్ళే రావాలన్నారు మావా," మన్మథరావు మెల్లగా అన్నాడు.

"సరోజిని పేరు రాయి. కూడా నానొత్తాను, నానే మాటాడతాను. ఈ ఓటీపీల గొడవ ఆవిడకేటి తెలుసు? పన్నెండేళ్ళుగా సూత్తన్నది నానే గదా."

లోపల బల్ల దగ్గర సరోజిని సంతకాలు పెడుతోంది. తల ఎత్తలేదు.

"నివ్వు సూసింది నంబర్లు మావా," అంది కాసులమ్మ. "అరగంట గాదు, పొద్దల్లా ఇచ్చినా అది నీ ఫోనుకే వొత్తాది. నాకు ఫోను నేదా?" బొడ్లోంచి బటన్ల ఫోను తీసి చూపించింది. "కొనుక్కొని మూడేళ్ళయింది. నంబరు మార్చండి బాబూ అంటే ఏలు పడాలన్నారు. ఏలు పడితే నాకు నంబరెందుకు?"

వరసలో ఎవరూ నవ్వలేదు.

ధర్మారావు మొహం చిన్నబోయింది. "ఇన్నాళ్ళూ నాను ఎవులికైనా సెప్పకుండా ఎగ్గొట్టానేటి?"

"అయ్యో, నీకున్న ఓపిక మా ఇంట్లో ఎవులికుంది మావా? అది గాదు. నా బియ్యం సంగతి నీకు ముందు తెలుసు. నా పింఛను సంగతి నీకు ముందు తెలుసు. అమ్ములు కొడుకుని బడి మార్పించింది గదా, ఆల మొగుడి కంటే ముందు నీకే తెలిసింది."

"మా ఆయనకి ఇప్పటికీ తెల్దు. మెల్లగా మాటాడప్పా!" వరస చివరనుంచి అమ్ములు అంది.

ఈసారి అందరూ నవ్వారు. ధర్మారావు కూడా నవ్వాడు. తర్వాత చేతిలో ఫోనుకేసి కాసేపు చూశాడు.

"అయితే అంతమంది ఆఫీసర్ల ముందు నివ్వు మాటాడగలవేటి?" నిజంగానే అడిగాడు.

కాసులమ్మ టెక్కలిలో సంతకి వెళ్ళింది, ఆసుపత్రికి వెళ్ళింది. కుర్చీలేసిన హాల్లోకి ఎప్పుడూ వెళ్ళలేదు. బొటనవేలిని చూపుడువేలితో రుద్దుకుంది.

"మాటలు రాకపోతే మిషను తెమ్మంతాను," అంది. "ఆల ముందే నా సేతి ఏళ్ళు పదీ ఎడతాను. సూసుకోమంతాను."

మన్మథరావు గోడ గడియారం చూసి, కాగితం తీసుకుని సరోజిని బల్ల దగ్గరికి వెళ్ళాడు. కాగితంలో రెండే ఖాళీలు. పేరు, ఫోన్ నంబరు.

"నాలుగింటికల్లా పంపాలి మేడమ్. ఎవరి పేరు రాయమంటారు?"

ధర్మారావు బెంచీ మీంచి లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు. సరోజిని పెన్ను మూత పెట్టింది.

"కాసులమ్మ పేరు రాయి. నంబరు ఆవిడదే ఎయ్యి. అలాగే ఆఫీసు కాగితాల్లో సర్పంచి నంబరు దగ్గర ఈయనది కొట్టేసి నాది రాయి."