ఆపద ఒకరిదా, వీధిదా

ఆత్రేయపురం బడికి బదిలీ అయి, పూతరేకులు చేసే వీధిలో అద్దెకు దిగిన కొత్తలో నాకు ఒక సంగతి ఎంతకీ అంతుపట్టేది కాదు. పక్కింటి పెద్దావిడ ఒంటరి మనిషి. ఆవిడను వదినగారు అని పిలిచేదాన్ని. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట, పిండిపాలలో ముంచిన గుడ్డ. ఆ గుడ్డను కుండ మీదుగా ఒక్క లాగు లాగితే కాగితంలాంటి రేకు వస్తుంది. ఆవిడ బతుకంతా ఆ రెండు చేతుల మీదే నడిచేది. మరి చెయ్యి కాలితే?

అడిగేశాను. పక్కింట్లో పొయ్యి ఎందుకు వెలగలేదో కూడా ఆరా తీసే జబ్బు నాది.

"కాలితే ఏముందండి, వీధిలోవాళ్లు తలా ఒక కట్ట నా పేరున వేస్తారు. మానేదాకా అంతే. కుండ పగిలినా అంతే."

అంటే ప్రతి ఇల్లూ తను చేసిన రేకుల్లోంచి ఒక కట్ట పక్కన పెట్టి, కొట్టుకు వేసేటప్పుడు ఆవిడ వాటాగా ఇస్తుందన్నమాట.

"ఎవరు ఎంత వేశారో రాసుకోరా?"

"రాసుకుంటే అప్పవుద్ది కదండీ టీచరుగారూ," అని నవ్వింది.

తర్వాతి వేసవిలో, నెలకు కొద్దికొద్దిగా కట్టే చిన్న బీమా గురించి చెప్పడానికి ఒక అమ్మాయి ఆడవాళ్ల సంఘానికి వచ్చింది. పిలవకపోయినా నేనూ వెళ్లి కూర్చున్నాను. ఆ అమ్మాయి ఒక ప్రశ్న వేసింది. "మీ ఒక్క ఇంటికే వచ్చే ఆపదలేంటండి? అందరికీ ఒకేసారి వచ్చేవేంటండి?"

మొదటిదానికి జవాబులు గబగబా వచ్చాయి. చెయ్యి కాలడం, కుండ పగలడం, మొగుడు కొబ్బరిచెట్టు మీంచి పడడం. ఒకావిడ "మా అత్తగారు" అంది. అందరూ నవ్వారు. కట్టల సంగతీ చెప్పారు. రెండోదానికి ఎవరో "ముసురు" అన్నారు. ముసురు పడితే ఆకులు మండవు, రేకులు మెత్తబడి చిరిగిపోతాయి.

"మొదటి రకానికి మీ కట్టల పద్ధతి బాగుందండి," అంది ఆ అమ్మాయి. "రెండోదానికి మాత్రం పనికి రాదు. అప్పుడు ఎవరింట్లోనూ కట్ట ఉండదు కదా. మా బీమాలో ఆ రోజులకి కూడా కొంత ఇస్తారు."

వదినగారు ఒప్పుకోలేదు. "ముసురు నాలుగు రోజులు పడి పోద్దమ్మా. దానికి బీమా ఏంటి? మాకు మేమున్నాం." ఆవిడ మాటే వీధి మాట. ఎవరూ చేరలేదు. ఇద్దరిలో ఎవరిది సరైన లెక్కో నాకు తేలక చాలా రోజులు అదే ఆలోచించాను.

ఆ ఏడు పట్టిన ముసురు వదల్లేదు. గోదావరి ఎర్రగా గట్టుదాకా వచ్చింది. వీధిలో ఒక్క కుండా వేడెక్కలేదు. వదినగారు గుమ్మంలోకి రావడం మానేసింది. వేడివేడి చారు పట్టుకుని వెళితే గిన్నె ఎడమచేత్తో అందుకుంది. పిల్లలు ఎడమచెయ్యి చాపితే కసిరే మనిషి. కుడిచెయ్యి పైట కింద ఉంది. మొహమాటం నాకు చేతకాదు, పైట తొలగించి చూశాను. మణికట్టు నుంచి వేళ్లదాకా బొబ్బలు, వాటి మీద పసుపు. తడి ఆకులతో ఎలాగోలా పొయ్యి రాజేయబోతే మంట ఒక్కసారిగా ఎగిసిందట.

"ఎవరికీ చెప్పలేదా వదినగారూ?"

"చెబితే ఇచ్చేస్తారండి. పిల్లల కంచాల్లోంచి తీసి మరీ ఇస్తారు. ఉన్నప్పుడు అడగడం వేరు. లేనోళ్లని అడిగితే దోచుకున్నట్టే."

నాకు ఒళ్లు మండింది. ఆవిడ మీదో వాన మీదో తెలియలేదు. ఆటో పిలిచి రావులపాలెం ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఇంకా ఆలస్యమైతే వేళ్లు ముడుచుకుపోయేవని డాక్టరు గట్టిగానే చీవాట్లు పెట్టాడు. తిరిగొస్తుంటే ఆ అమ్మాయి చెప్పిన రెండు రకాలే మనసులో తిరిగాయి. ఒకరి ఆపద అందరి ఆపద మధ్యలో వచ్చి పడితే దాన్ని ఏ రకంలో వేయాలి? ఈ ప్రశ్న ఆ రోజు ఎవరూ అడగలేదు, నేను కూడా.

వానలు వెలిశాక ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది. ఈసారి వదినగారే ముందు వరసలో కూర్చుంది. "చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నావా పెద్దమ్మా?" అని వెనక నుంచి ఎవరో ఆటపట్టించారు.

"ఆకులు పట్టుకోబట్టే కాలిందే," అని, ఆ అమ్మాయి వైపు తిరిగింది. "ఇందులో మాతోపాటు ఇంకా ఎవరుంటారమ్మా?"

"చాలా ఊళ్లవాళ్లండి. అన్నవరం అవతల మెట్ట ఊళ్లవాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల బాధ వాన పడకపోవడం."

వదినగారు తనలో తనే లెక్క వేసుకుంది. "అంటే మేం తడిసినప్పుడు వాళ్ల డబ్బు మాకు, వాళ్లు ఎండినప్పుడు మా డబ్బు వాళ్లకి."

"అంతేనండి."

"వాళ్లెవరో మాకు తెలీదు. మేమెవరమో వాళ్లకీ తెలీదు."

"తెలీదండి."

"అదే నయం," అంది వదినగారు. "వాళ్ల దగ్గర చెయ్యి దాచుకోక్కర్లేదు."