వాసన పీల్చే పీట

మావాడికి ముక్కు మీదే కోపం అని మా అత్తగారు మురిసిపోతూ చెప్పేది. కోపం సంగతి ఎలా ఉన్నా, ముక్కు మాత్రం మా ఆయనకు దేవుడు అవసరానికి మించి ఇచ్చాడు. కింద వాటాలో ఉల్లిపాయ తరిగితే ఈయన పైన కిటికీ మూసేవారు. నా చేతికి కిరసనాయిలు వాసన ఉందని కాఫీ వెనక్కి పంపేవారు. తువ్వాలు సరిగ్గా ఆరలేదని ఆఫీసు నుంచి వచ్చీ రాగానే గుమ్మంలోనే కనిపెట్టేవారు. ఇంత ముక్కు ఉన్న మనిషికి ఎదుటివాళ్ల మొహం మాత్రం ఎప్పుడూ కనిపించేది కాదు.

రాజధాని కర్నూలు నుంచి మారినప్పుడు ఆఫీసు ఫైళ్లతో పాటు మేమూ హైదరాబాదు వచ్చాం. నాంపల్లి స్టేషనుకు ఈవల సందులో ఒక మేడ మీద వాటా కిరాయికి దొరికింది. కింద ఇంటివాళ్లు తరాలుగా ఇక్కడివాళ్లే, ఉస్మాన్‌గంజ్‌లో వాళ్లకు బెల్లం వ్యాపారం. ఇంటావిడ నన్ను చెల్లె అనేది, మా అత్తగారిని అమ్మా అనేది. రెండు వాటాలకూ కలిపి మరుగుదొడ్డి పెరట్లో ఒక మూలన ఉండేది. మెట్లు దిగి, బావి దాటి వెళ్లాలి.

మా అత్తగారు తెల్లవారకముందే చెంబు కొంగు చాటున పెట్టుకుని మెట్లు దిగేది. మా తెనాలి వైపు చెంబుతో వెళ్తున్న మనిషిని ఎవరూ పలకరించరు. ఎదురుపడితే తల తిప్పుకుంటారు. వచ్చి, స్నానం చేసి, చీర మార్చుకుని వంటింట్లో అడుగు పెట్టేదాకా ఆ మనిషి ఇంట్లో లేనట్టే లెక్క. కింద ఇంటివాళ్లకు మా మడి, తడి అంతగా లేకపోయినా ఈ మర్యాద మాత్రం వాళ్లకూ ఉండేది. పెరట్లో గిన్నెలు తోముతున్న ఇంటావిడ, మా అత్తగారి అడుగుల చప్పుడు వినగానే గోడ వైపు తిరిగి కూర్చునేది. ఈ విషయం ఇద్దరూ ఒకసారి కూడా మాట్లాడుకుని ఎరగరు.

ఒక వానాకాలం ఆ మెట్ల మీదే జారిపడి అత్తగారి తుంటి ఎముక విరిగింది. దవాఖానలో చాలా రోజులు ఉంచి పంపించారు. ఇక మెట్లు దిగకూడదు, గొంతుక్కూర్చోకూడదు అన్నారు. ఇంటావిడ తన మొగుణ్ని ఒప్పించి, మా వాటాలోనే ఉన్న సామాన్ల గదిని దొడ్డిగా మార్చుకోనిచ్చింది. అందులో కుర్చీలా కూర్చునే ఇంగ్లీషు కమోడు పెట్టించారు. ఆ గదికి కిటికీ లేదు, గోడకు అవతల వంటిల్లు. ఒకే గోడకు ఇటు పొయ్యి, అటు ఆ పనా అని అత్తగారు రెండు రోజులు కళ్లనీళ్లు పెట్టుకుంది. దేవుడి పటాలు ముందు గదిలోకి మార్పించింది. తర్వాత, గతిలేక, ఒప్పుకుంది.

ఒప్పుకున్నాక బాగానే ఉంది కూడా. కర్ర ఒక చేత్తో, నా భుజం ఇంకో చేత్తో పట్టుకుని నడిచేది. నేను బయట నిలబడి వేరే వైపు చూసేదాన్ని. తర్వాత రెండు బకెట్లు నీళ్లు గుమ్మరించేదాన్ని. దవాఖానలో చిక్కిపోయిన మనిషి, గోంగూర పచ్చడి కలుపుకుని మళ్లీ మారు అన్నం అడగడం మొదలుపెట్టింది. కాస్త వాసన వచ్చేది, నిజమే. మనిషన్నాక రాదా?

మా ఆయన మాత్రం ఆ గది ముందు నుంచి వెళ్తే కండువా ముక్కుకు అడ్డం పెట్టుకునేవారు. కన్నతల్లి ఎదురుగా మంచం మీద పడుకుని చూస్తున్నా సరే. భోజనం ముందు గదిలోకి మార్చారు. అక్కడికీ వస్తోందని అన్నం మీద చెయ్యి కడిగేవారు. ఆవిడ నా వైపు చూసి, వాడికి చిన్నప్పటి నుంచీ అంతే అనేది. తప్పు తనదైనట్టు.

ఆదివారం వస్తే ఆయన అబిడ్స్ పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు తిరగేయడానికి వెళ్లేవారు. ఒక ఆదివారం నిధి దొరికినట్టు పరిగెత్తుకుంటూ వచ్చారు. చేతిలో పరాయి దేశపు పాత పత్రిక ఒకటి. అందులో కమోడు మీద వేసే పీట బొమ్మ ఉంది. పీట లోపల బోలుగా ఉంటుందట, అడుగున చిల్లులు ఉంటాయట, వాసన పుట్టిన చోటే దాన్ని ఒక పంకా లాగేసి గొట్టంలోంచి బయటికి తోసేస్తుందట. పక్కన ఒక దొరసాని నిలబడి నవ్వుతోంది. ఆవిడ నవ్వుకేం, బొమ్మలోదే కదా.

ఇక చూడాలి ఆయన హడావుడి. వడ్రంగి చేత టేకు పీట చేయించారు. రేకు గొట్టం చేయించారు. అబిడ్స్‌లో కరెంటు సామాన్ల దుకాణాలన్నీ తిరిగి ఒక మోటారు పంకా తెచ్చారు. గోడకు కన్నం పొడిచి గొట్టం పెరటి వైపు పెట్టించారు. ఆయన సొంత తెలివి ఇంకోటి చేర్చారు. మనిషి కూర్చోగానే బరువుకు పీట అడుగున స్విచ్చి నొక్కుకుని పంకా దానంతటదే తిరుగుతుంది. అమ్మకు ఏ శ్రమా ఉండకూడదు అన్నారు. ఆ తల్లి కోసం ఈ మహానుభావుడు ఒక్కనాడు ఒక బకెట్టు నీళ్లు పోసి ఎరగరు. పోసుంటే యంత్రమే అక్కర్లేదు.

రాహుకాలం వెళ్లాక ప్రారంభోత్సవం. దేవుడి దగ్గర అగరొత్తి తెచ్చి వెలిగించి పీట కింద పెట్టారు. పొగ చిల్లుల్లోకి దూరిపోయింది. చూశావా అన్నారు. చూశాను. దేవుడి అగరొత్తి అక్కడ పెట్టినందుకు అత్తగారు మంచం మీద చెంపలు వేసుకోవడం కూడా చూశాను. అయినా ఆవిడ కొడుకును ఒక్క మాట అనలేదు. చూడవచ్చినవాళ్లందరితో, మావాడు నాకోసం చేశాడమ్మా అని చెప్పుకునేది. చూడ్డానికి రాక ఏం, వచ్చారు. ఖైరతాబాద్ నుంచి ఆయన పై ఆఫీసరు కుటుంబంతో సహా వచ్చాడు. ఇంటికి వచ్చిన చుట్టాలకు సాలార్‌జంగ్ మ్యూజియం చూపిస్తారు, మా ఇంట్లో కమోడు చూపించేవాళ్లం.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అనలేదు. పత్రికలో దొరసాని బొమ్మ ఉంది గానీ మోత లేదు కదా. అత్తగారు పీట మీద కూర్చుందంటే పిండిమర తిరిగినట్టు మేడంతా అదిరేది. మా వాటాలో దీపాలు మసకబారేవి. పెరట్లో గొట్టం రేకు దడదడలాడేది. వాసన పోయిన మాట నిజం. కానీ కొంగు చాటున చెంబు దాచుకుని బతికిన మనిషి ఎప్పుడు ఏ పని మీద వెళ్లిందో సందు సందంతా టముకు వేసినట్టయింది.

మోత ఎక్కువగా ఉందండీ అని చెప్పాను. మోత కాదు, అది పనిచేస్తున్న గుర్తు అన్నారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఒకరోజు నేనే ప్లగ్గు పీకేసి అత్తగారిని కూర్చోబెట్టాను. ఆయన ముక్కు ఊరుకుంటుందా? ముందు గదిలోంచే కేకేశారు.

“అమ్మా, స్విచ్చి పడలేదు. కాస్త సరిగ్గా కూర్చో.”

కిటికీలన్నీ తీసి ఉన్నాయి. లోపలి నుంచి ఆవిడ సరే నాయనా అంది. ఆ సరే నాకు ఇవాళ్టికీ మింగుడు పడదు. మర్నాడు నేను మళ్లీ ప్లగ్గు పీకబోతే ఆవిడే వద్దంది, వాడు మళ్లీ అరుస్తాడని.

తర్వాత నాలుగు రోజులకు కింద ఇంటావిడ పైకి వచ్చింది. అత్తగారు కళ్లు మూసుకుని ఉంటే నిద్రపోతోందనుకుని, వంటింట్లో నా పక్కన కూర్చుని గొంతు తగ్గించి చెప్పింది.

“చెల్లె, ఏమనుకోకు. గా పంకా షురూ కాంగనే మా రేడియో గరగర అంటది. మా ఇంట్ల మొగోళ్లు ఒకల మొకం ఒకలు చూసుకొని నవ్వుతున్నరు. నాకే సిగ్గైతున్నది. పెద్దమనిషి ఇజ్జత్ ఏంగావాలె? జర మీ ఆయనకు చెప్పి బంద్ చేయించు.”

“చెప్పాను అక్కా. వింటే కదా.”

“గట్లెట్ల వినడు? అమ్మ కదా,” అంది ఆవిడ.

అత్తగారు నిద్రపోవడం లేదు, అంతా వింది. ఆ రోజు మధ్యాహ్నం కంచం ముందు పెడితే ఆకలి లేదంది. రాత్రికి కాస్త మజ్జిగ చాలంది. మర్నాడూ అంతే. అరగడం లేదని, నోరు చేదుగా ఉందని రోజుకో సాకు. నీళ్లు కూడా గుక్కెడు తాగి గ్లాసు పక్కన పెట్టేసేది. తింటే వెళ్లాలి, వెళ్తే అది మోగుతుంది. నాకు తెలిసిపోయింది. తినండి అత్తయ్యా, నేను దాన్ని విరగ్గొట్టేస్తాను అంటే, వద్దమ్మా, వాడు ఎంత ముచ్చటపడి చేసుకున్నాడు అని నా చెయ్యి పట్టుకుంది. ఆ చేతిలో బలం లేదు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

రాత్రి ఆయనతో చెప్పాను, మీ అమ్మ తిండి మానేసింది, కారణం మీ పీట అని. పెద్దతనంలో ఆకలి మందగిస్తుంది, నీకు ప్రతిదానికీ నేనే దొరుకుతాను అన్నారు. అని అటు తిరిగి పడుకున్నారు. మర్నాడు నేను ఇంటావిడ చేత కబురు పెట్టించి డాక్టరును పిలిపించాను.

డాక్టరు మెట్లెక్కి వచ్చేసరికి అత్తగారికి లేచి కూర్చునే ఓపిక లేదు. మా ఆయన డాక్టరును మంచం దగ్గరికి తీసుకురాలేదు. నమ్మండి, నమ్మకపొండి, ముందు ఆ గదికి తీసుకెళ్లారు.

“ఒక్కసారి వాసన చూడండి డాక్టరుగారూ. ఏమైనా ఉందా? ఈ వారమంతా అసలు లేదు. మోటారు ఇప్పుడు బాగా సర్దుకుంది.”

డాక్టరు మర్యాదకు తల ఊపి, వచ్చి మంచం పక్కన కూర్చుని నాడి చూశాడు. కింది రెప్ప లాగి చూశాడు. నాలుక చూశాడు.

“ఈవిడ ఏం తింటున్నారు?” అని అడిగాడు.

ఆయన నా వైపు చూశారు. తల్లి ఏం తింటోందో ఆయనకు తెలియదు.

“నాలుగు చెంచాల మజ్జిగ,” అన్నాను. “అందుకే వాసన లేదు. మోటారు సర్దుకుని కాదు. అది మోగితే సందంతా తెలుస్తోందని ఈవిడ తిండీ నీళ్లూ మానేసింది.”

డాక్టరు మా ఆయన వైపు చూశాడు. ఇంకొకరైతే ఆ చూపుకు తలదించుకునేవారు. ఈయన గడ్డం గోక్కుంటూ కాసేపు ఆలోచించి, మోతే కదా, చప్పుడు లేని మోటారు కూడా దొరుకుతుంది, రేపే అబిడ్స్ వెళ్లి కనుక్కుంటాను అన్నారు.

అప్పుడు అత్తగారు కళ్లు తెరిచింది. నేను కాపురానికి వచ్చాక అప్పటిదాకా ఆవిడ కొడుకు మాటకు అడ్డం చెప్పడం నేను వినలేదు.

“కంపు కొడితే కొట్టనీ నాయనా,” అంది. “నాకు ఆకలేస్తోంది.”

డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. మా ఆయన నోరు తెరిచారు, మూశారు. జాలిపడదామనుకున్నాను గానీ రాలేదు.

డాక్టరు చెప్పినట్టు ముందు పల్చటి గంజి పట్టాను, తర్వాత మెత్తగా ఉడికించిన పప్పన్నం పెట్టాను. ఇంకొంచెం అంది. పెట్టాను. ఈలోగా ఆయన స్క్రూడ్రైవరు తెచ్చుకుని, ఎవరూ చెప్పకుండానే, ఆ పీట ఊడదీయడం మొదలుపెట్టారు. గొట్టం ఉన్న కన్నంలో నేను పాత గుడ్డ కుక్కాను.

మర్నాడు పొద్దున ఇల్లంతా కంపు కొట్టింది. ఎవరూ చావలేదు.