రామకృష్ణయ్య పేరుతో ఆడిన షంషుద్దీన్

ప్రొద్దుటూరిలో ఒకనాటి క్లబ్బు హాలులో, పేకాట బల్లలకు ఎదురుగా ఉన్న గోడ మీద, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడు తీసిన ఫొటో ఒకటి చాలా కాలం వేలాడింది. ఐదుగురు మనుషులు కుర్చీలలో కూర్చుని ఉంటారు. ముందు బల్ల మీద వెండి కప్పు. అడుగున తెల్లని అక్షరాలలో ఐదు పేర్లు. కుడివైపు చివరి కుర్చీలో జవళి వ్యాపారి రామకృష్ణయ్య, బాల్ బ్యాడ్మింటన్ బ్యాటును పప్పుగుత్తి పట్టినట్టు పట్టుకుని, నవ్వు ఆపుకుంటూ కనబడతాడు. ఆ నవ్వుకు కారణం ఉంది. ఆయన తన జన్మలో బ్యాటు పట్టుకున్నది ఆ ఒక్కసారే. కప్పును గెలిచిన మనిషి ఆ ఫొటోలో లేడు. ఫొటో తీస్తున్నంతసేపూ వెనుక కట్టిన నల్లగుడ్డ గాలికి ఎగరకుండా దాని అంచు పట్టుకుని పక్కన నిలబడి ఉన్నాడు. అతని పేరు షంషుద్దీన్.

దీనిని ఆనాడు ఎవరూ అన్యాయం అనలేదు. రూలు అన్నారు, మర్యాద అన్నారు, క్లబ్బు పరువు అన్నారు. ఒకరి చెమటను ఇంకొకరి పేరిట రాసుకోవడానికి మన పెద్దమనుషులకు ఇన్ని మంచి మాటలు ఎట్లా దొరికాయో తలచుకుంటే, ఇన్నేళ్ళ తరువాత కూడా ఒళ్ళు మండుతుంది.

షంషుద్దీన్ తండ్రి జిన్నింగు మిల్లులో పత్తి మూటలు మోసేవాడు. కొడుకు ఆ మూటల కింద నలగకూడదని క్లబ్బులో మార్కరుగా కుదిర్చాడు. మార్కరంటే, కోర్టుకు నీళ్ళు చల్లి, రోలరు లాగి, సున్నంతో గీతలు గీసి, వల కట్టి, సాయంత్రం సభ్యులలో ఎవరైనా రాకపోతే ఆ ఖాళీలో నిలబడి ఆడేవాడు. జట్టుకు ఐదుగురు, పసుపుపచ్చని ఉన్నిబంతి, అది నేలను తాకేలోపల తిప్పికొట్టాలి, అంతే ఆట. కాని ఆ బంతి దూదిపింజ వంటిది. వేసవి సాయంత్రాలలో పెన్న ఇసుక మీదుగా గాలి లేచిందంటే అది ఎటు పోతుందో కొట్టినవాడికే తెలియదు. షంషుద్దీన్ వెనుక వరుసలో నిలబడి, గాలిని కూడా తన జట్టులో ఒకడిగా కలుపుకుని ఆడేవాడు. ఖాళీ పూరించడానికి వచ్చినవాడు కొద్ది కాలానికే, అతడు లేనిదే క్లబ్బు గెలవదన్న స్థితికి ఎదిగాడు.

అక్కడే చిక్కు వచ్చింది. క్లబ్బుల మధ్య పోటీలలో సభ్యులే ఆడాలి. జీతగాడు సభ్యుడు కాలేడు. ఈ చిక్కును జిల్లాలోని క్లబ్బులన్నీ ఒకే విధంగా విప్పుకున్నాయి. జీతగాణ్ణి సభ్యుడి పేరుతో దించడం. అంపైరుకు తెలుసు, ఎదుటి జట్టుకు తెలుసు, చుట్టూ మూగిన జనానికీ తెలుసు. తమ జట్టులోనూ అటువంటివాడు ఒకడు ఉంటాడు గనుక ఎవరూ నోరు మెదపరు. షంషుద్దీన్ ప్రొద్దుటూరులో రామకృష్ణయ్య అయ్యాడు. బస్సు చార్జీ, పూట భోజనం ఇచ్చి జమ్మలమడుగు వాళ్ళు పిలుచుకుపోతే, అక్కడ ఒక రిటైర్డు కోర్టు అమీను అయ్యాడు. అరవై ఏళ్ళ అమీను గారు ఆ వేసవిలో ఎగిరెగిరి కొట్టారని జనం చాలా రోజులు చెప్పుకుని నవ్వారు. వేంపల్లెలో నూనె వ్యాపారి అయ్యాడు. ఎక్కడా షంషుద్దీన్ మాత్రం కాలేదు.

రామకృష్ణయ్య మంచివాడు. ఆట ముగిసిన మరునాడు షంషుద్దీన్ జవళి అంగడి ముందు నుండి పోతూ ఉంటే కేకవేసి పిలిచేవాడు.

"ఏం షంసూ, నిన్న నేను శానా బాగా ఆడినానంట గదప్పా!"

"ఆడినావు మామా. రెండో ఆటలో మోకాలు కూడా గీసుకపోయింది నీకు."

"అట్లనా! అందుకేనేమో పొద్దున్నించి ఒకటే సలుపు," అని ఆయన మోకాలు తడుముకునేవాడు. అంగట్లో ఉన్నవాళ్ళంతా నవ్వేవాళ్ళు. షంషుద్దీన్ కూడా నవ్వేవాడు.

నల్లగుడ్డ పట్టుకున్న రోజున మాత్రం నవ్వు రాలేదు. అప్పటికి అతనికి ముప్పై దాటాయి. బంతిని తల మీదుగా కొట్టినప్పుడల్లా కుడి భుజంలో ఏదో తెగినట్టు నొప్పి. ఇంకా కొన్ని వేసవులు, అంతే. ఆ తరువాత తాను ఆడినట్టు ఈ భూమి మీద ఎక్కడా గుర్తు ఉండదు. ఒక్కసారి, ఒక్క ఫైనలులో, తన పేరు పిలవగా కోర్టులోకి దిగాలి. ఆ కోరిక ఆనాడు అతనిలో పట్టుదలగా మారింది.

మరునాడు ఉదయమే క్లబ్బు సెక్రటరీ, వకీలు రామాంజనేయులు ఇంటికి పోయాడు.

"అయ్యా, ఇంగ మీదట నా పేరు మీద ఆడతా."

వకీలు గారు పత్రిక మడిచి పక్కన పెట్టారు. "నీ పేరు మీదనా? మెంబరువు కావు గదరా."

"చందా కడతా. చేర్చుకోండి."

"మార్కర్ను మెంబరు చేసుకుంటే, రేపు వంటమనిషి వచ్చి పేకాటకు కూచుంటాడు. ఆడేది ఆడతాండావు, తినేది తింటాండావు. పేరుతో ఏం పనిరా నీకు? పేరు కొడితే బంతి పోతాదా?"

"పోదయ్యా. పేర్లు కుర్చీల్లో కూచుంటాయి, అంతే."

వకీలు గారి ముఖం ఎర్రబడింది. "నువ్వు కాకపోతే ఇంగొకడు. కడపలో మార్కర్లకు కరువా?"

"తెచ్చుకోండయ్యా. నా పేరు పిలిస్తేనే నేను దిగేది," అని షంషుద్దీన్ ఆ పూటే సున్నపు డబ్బాను క్లబ్బు వరండాలో పెట్టి బయటికి నడిచాడు.

ఇంటి దగ్గర భార్య ఖమర్‌బీ రొట్టెలు కాలుస్తూ అంతా విన్నది.

"పని ఇడిచిపెట్టి వచ్చినావా? పేరు కోసరమా?"

"పేరు కోసరమే."

ఆమె రొట్టె తిరగవేసింది. "నిఖా నాడు ఖాజీ నన్ను అడిగింది షంషుద్దీన్ను ఒప్పుకుంటావా అనే గదా. రామకృష్ణయ్య అనింటే నేను ఒప్పుకోకనే పోతాంటి. సరే, మిల్లులో పని చూసుకో. బ్యాటు మాత్రం అటక ఎక్కించొద్దు."

తండ్రి మోసిన మూటలనే కొడుకూ ఎత్తుకున్నాడు. పని దిగాక, మిల్లు వెనుక గోడ మీద గీత గీసి, దానిపై బంతి కొట్టడం మానలేదు. ఉన్ని పీలికలైతే ఖమర్‌బీ మళ్ళీ చుట్టి కుట్టేది. భుజానికి ఇసుక మూటతో కాపడం పెట్టేది. వేసవి రాగానే ఊరూరి జట్లు గుమ్మం ముందుకు వచ్చేవి, ఒక్కొక్కటి ఒక్కొక్క పేరు పట్టుకుని.

"ఈసారి మంచి పేరు తెచ్చినాం మామా," అన్నారు జమ్మలమడుగు వాళ్ళు. "తాసిల్దారు బామ్మర్ది పేరు!"

"ఆయప్పనే ఆడేదానికి రమ్మను," అన్నాడు షంషుద్దీన్.

ఇట్లా మూడు వేసవులు గడిచిపోయాయి. కర్నూలు నుండి రాజధాని హైదరాబాదుకు పోయింది, రాష్ట్రం పేరు సైతం మారింది. షంషుద్దీన్ పేరు పిలిచే జట్టు మాత్రం రాలేదు. రానీ, అనుకున్నాడు. భుజం ఉన్నంతవరకు గోడ ఉంది.

నాలుగో వేసవిలో పులివెందుల నుండి ఓబుళరెడ్డి వచ్చాడు. చీనీ బత్తాయి తోటల ఆసామి, ఆట పిచ్చివాడు. మిల్లు గేటు దగ్గరే మాట మొదలుపెట్టాడు.

"మా ఊళ్ళో పోటీలు పెడతాండాం. నువ్వు రావాల."

"మీ క్లబ్బు రూలు ఏంది రెడ్డీ?"

"క్లబ్బా? మాకు యాడుండాది క్లబ్బు? గడ్డివామి పక్కన మేమే కోర్టు కొట్టుకున్యాం. మాకు మెంబర్లు లేరు, రూలు లేదు. ప్రొద్దుటూరోళ్ళను ఒక్కసారన్నా ఓడగొట్టాలనే రోగం ఒకటుండాది."

"నా పేరు పిలవాల."

"నీ పేరు గాక మా ఎద్దు పేరు పిలుస్తామా?"

అన్నమాట ప్రకారం అచ్చువేయించిన గులాబీరంగు కరపత్రంలో "షంషుద్దీన్" అని ఉంది. ఆ కరపత్రం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. కావలసినవారు చూసుకోవచ్చు.

పులివెందుల జట్టు మొదటి ఆటలన్నీ గెలిచి ఫైనలుకు చేరింది. ఎదుట ప్రొద్దుటూరు క్లబ్బు. ఆ సాయంత్రం ఎర్రమట్టి కోర్టు చుట్టూ బండ్లు విప్పి, కాడి మీద కొందరు, చక్రాల మీద కొందరు ఎక్కి నిలబడ్డారు. ఖమర్‌బీ వేంపల్లెలోని అక్కను వెంటబెట్టుకుని ఒక బండిలో కూర్చుంది. తన పేరుతో ఆడబోయే కొత్తవాణ్ణి చూడాలని రామకృష్ణయ్య కూడా బస్సెక్కి వచ్చాడు.

ఫైనలుకు ముందు ఒక పద్ధతి ఉండేది. మైకులో పేరు పిలుస్తారు. పిలిచిన ఆటగాడు గీత దాకా వచ్చి జనానికి దండం పెట్టాలి. మూడుసార్లు పిలిచినా రానివాడు ఆటలో లేనట్టే. మైకు ముందున్న తెలుగు అయ్యవారు మొదట ప్రొద్దుటూరు జట్టును పిలిచారు. నలుగురు వచ్చారు. ఐదవ పేరు వినబడింది.

"రామకృష్ణయ్య!"

కడప నుండి తెచ్చిన పడుచువాడు అటువైపు నుండి అడుగు వేశాడు. అదే క్షణంలో ఇటువైపు నుండి షంషుద్దీన్ గీత దాకా నడిచి వచ్చి దండం పెట్టాడు. ఇన్నేళ్ళుగా ఏ పిలుపుకు కదలడం నేర్చుకున్నాయో ఆ పిలుపుకే అతని కాళ్ళు కదిలాయి. జనం ఒక్క పెట్టున గొల్లుమన్నారు.

"ఓయప్పా, రామకృష్ణయ్యకు కవల పుట్నాడురో!"

షంషుద్దీన్ తల వంచుకుని వెనక్కి వచ్చాడు. చెవులు హోరెత్తుతున్నాయి. ఏ పేరును వదిలించుకోవడానికి మూటలు మోశాడో, ఆ పేరుకే పలికాడు. ఆ సిగ్గులో అయ్యవారు తమ జట్టును పిలవడం మొదలుపెట్టింది కూడా అతనికి తెలియలేదు.

"షంషుద్దీన్!"

ఎవరినో పిలుస్తున్నారు. మైకులో ఎన్నడూ వినని పేరు అది.

"షంషుద్దీన్!"

"షంసూ, నిన్నేప్పా!" అని ఓబుళరెడ్డి భుజం కుదిపాడు. అంతలో బండి మీద నుండి ఖమర్‌బీ గొంతు లేచింది: "ఏమయ్యో! నీ పేరు నీకే తెలీకపాయనా?"

మూడవ పిలుపు పూర్తికాకముందే "ఉండా!" అని అరిచి అతడు గీత మీదికి వచ్చి నిలబడ్డాడు.

అప్పుడు వకీలు రామాంజనేయులు లేచారు. "అంపైరు గారూ, ఈ మనిషి మా క్లబ్బు తరఫున రామకృష్ణయ్యగా ఆడినవాడు. ఇప్పుడు మీ ఎదురుగానే ఆ పేరుకు పలికినాడు. ఇతన్ని షంషుద్దీనని ఎట్ల ఆడనిస్తారు?"

అంపైరు తటపటాయించాడు. ఓబుళరెడ్డి కొట్లాటకు పైకండువా నడుముకు చుట్టాడు. షంషుద్దీన్ అతన్ని పక్కకు జరిపి తానే మైకు దగ్గరికి నడిచాడు.

"సెక్రటరీ గారు చెప్పింది నిజమే. రామకృష్ణయ్యగా ఆడింది నేనే. అయితే క్లబ్బులోని ఆ వెండి కప్పు గెలిచింది షంషుద్దీనని ఆయన ఈ మైకులోనే ఒక్క మాట చెప్పమనండి. నేను ఇప్పుడే బ్యాటు కింద పెట్టి పోతా. చెప్పలేకపోతే, ఆట మొదలుపెట్టండి."

వకీలు గారు అంపైరు వైపు, జనం వైపు, తమ జట్టులోని కడప పడుచువాడి వైపు చూశారు. ఔనంటే కప్పు పోతుంది, కాదంటే వాదన పోతుంది. జనంలో నుండి రామకృష్ణయ్య చేయి ఎత్తాడు.

"అసలు రామకృష్ణయ్యను నేనీడ ఉండానయ్యా! నన్ను దిగమంటారా ఏంది? ఈ కడుపు చూసి చెప్పండి!"

ఆ నవ్వుల నడుమ వకీలు గారు కూర్చున్నారు. అంపైరు ఈల ఊదాడు.

షంషుద్దీన్ ఆనాడు ఆడినట్టు మరెన్నడూ ఆడలేదు. చెరొక ఆట గెలిచి మూడవ ఆటకు వచ్చారు. ఇరవై తొమ్మిదవ పాయింటు చేసినవారిదే కప్పు. ప్రొద్దుటూరు ఇరవై ఎనిమిది, పులివెందుల ఇరవై ఏడు. ప్రొద్దుటూరు సర్వీసు. బంతి వల దాటి అటూ ఇటూ చాలాసేపు తిరిగి చివరకు షంషుద్దీన్ తల మీదికి వచ్చింది. భుజం భగ్గుమన్నా అతడు బలమంతా పెట్టి కొట్టాడు. గాలి ఒక్కసారిగా వీచింది. బంతి చివరి గీతకు అవతల, బెత్తెడు దూరంలో పడింది.

"ఔట్!" అన్నాడు అంపైరు. "షంషుద్దీన్ కొట్టిన బంతి ఔటు. ప్రొద్దుటూరు విజయం," అని అయ్యవారు మైకులో స్పష్టంగా ప్రకటించారు.

ఫొటోగ్రాఫరు ఓడిన జట్టును కూడా కుర్చీలలో కూర్చోబెట్టాడు. ఎర్రదుమ్ము గాలికి నల్లగుడ్డ ఎగురుతూ ఉంటే, షంషుద్దీన్ అలవాటుగా లేవబోయాడు.

"కూచోప్పా," అని రామకృష్ణయ్య పోయి అంచు పట్టుకున్నాడు. "ఈసారి ఇది నా ఆట."

మరునాడు పొద్దున్నే ముద్దనూరు మీదుగా పోయే బస్సులో భార్యాభర్తలు ముందు సీటులో కూర్చున్నారు. వెనుక సీటులో ఇద్దరు రైతులు నిన్నటి ఆటను మళ్ళీ మొదటి నుండి ఆడుతున్నారు.

"అంతా ఆ షంషుద్దీన్ చెడగొట్నాడు. లోపల ఏసింటే కప్పు మనదే గదా. అంత గట్టిగా ఎవురు కొట్టమన్యారు వాణ్ణి?"

"కండ్లు యాడ పెట్టుకున్యాడో ఆ షంషుద్దీన్!"

ఖమర్‌బీ ముసుగు సవరించుకుని జగడానికి వెనక్కి తిరగబోయింది. షంషుద్దీన్ ఆమె చేయి పట్టుకుని ఆపాడు.

"తిట్టనీలే. నన్నేగదా తిట్టేది," అన్నాడు. అని, ఇంకా బాగా వినబడేటట్టు వెనక్కి ఆనుకుని కూర్చున్నాడు.