సామాన్ల గదిలో రెండో గొంతు

రిటైరయ్యే దాకా జనపనార మిల్లు ఆఫీసులో లెక్కలు రాసిన చెయ్యి నాది. ఉన్నది ఉన్నట్టు, లేనిది లేనట్టు రాయడం తప్ప నాకు ఇంకో విద్య రాదు. కథలు కట్టడం అసలే రాదు. అందుకని ఇది విన్నాక, "ముసలిదానికి సీరియళ్ళ పిచ్చి, కలగని ఉంటుంది" అనుకోకండి. కల కాదు. నేను మెలకువగానే ఉన్నాను... కళ్ళజోడు పెట్టుకునే ఉన్నాను. నా పక్కన కూర్చున్న నా చెల్లెలు కూడా విన్నది. అది ఒప్పుకోదు. నేను ఒప్పుకుంటాను. అంతే తేడా.

నా చెల్లెలి పేరు నాగమ్మ. నరసన్నపేటలో మా ఇంటి వెనక వీధిలోనే ఉంటుంది. దాని కొడుకు శ్రీను లారీ నడుపుతాడు, నెలలో సగం రోజులు రోడ్డు మీదే. శ్రీను మొదటి పెళ్ళాం పద్మ చనిపోయింది. ఆ పిల్లకి ఉబ్బసం. మాట్లాడుతుంటే మాటకీ మాటకీ మధ్య పిల్లికూతలు వినబడేవి... ఒకటి లావుగా, వెంటనే ఒకటి సన్నగా. ఒక రాత్రి ఆయాసం ఎక్కువైందట. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే పోయిందట. అప్పుడు నేను విశాఖపట్నంలో మా అమ్మాయి దగ్గర ఉన్నాను. కబురు అందాక వచ్చాను. నాగమ్మ చెప్పిందే విన్నాను.

తర్వాత శ్రీనుకి శృంగవరపుకోట పిల్ల గౌరిని చేశారు. ఆ ఊరిని మేం కోట అనే అంటాం.

మా ఇళ్ళలో ఒక పద్ధతి ఉంది. రెండో భార్య తన పుస్తెలతో పాటు, పోయిన మొదటి భార్య పేరు మీద చిన్న బంగారు బిళ్ళ కూడా మెడలో వేసుకోవాలి. కొత్త చీర కట్టినా, పండక్కి బూరెలు వండినా, ముందు ఆ బిళ్ళకి చూపించాలి. పోయినావిడకి కోపం రాకుండా. గౌరి ఇవన్నీ చేసేది. చేసినా నాగమ్మ మాటలు ఆగేవి కావు. "అది ఉన్నప్పుడు పులుసు ఇలగుండేది కాదే" అనేది. పద్మ ఉన్నప్పుడు ఆ పులుసునే నాగమ్మ పారబోసేది. అది నేను చూశాను.

ఇక సీరియల్. దాని పేరు చెప్పను, మీరంతా చూసేదే. పోయిన మొదటి భార్య దెయ్యమై రెండో భార్య మీదికి వస్తుంది, అదీ కథ. రాత్రి తొమ్మిదిన్నరకి వస్తుంది. నాగమ్మ ఇంట్లో టీవీ పెద్దది కాబట్టి నేను రోజూ అక్కడికే వెళ్తాను. ఆ వీధిలో సగం ఇళ్ళకి కేబులు, సగం ఇళ్ళకి డిష్షు. డిష్షు వాళ్ళకి బొమ్మ కాస్త ఆలస్యం. మా దెయ్యం నవ్వేశాక ఎదురింటి దెయ్యం నవ్వుతుంది. అలవాటైపోయింది.

నాగమ్మ సీరియల్ చూడదు. సీరియల్‌తో పోట్లాడుతుంది. "ఓసి నీ మొహం మండ, ఎనక్కి సూడవే, ఎనకాలే నిల్చున్నాది" అని టీవీకి చెబుతుంది. నేను తప్పులు పడతాను. దెయ్యం మొదట్లో శుక్రవారం పోయిందన్నారు, ఇప్పుడు అమావాస్య మంగళవారం అంటున్నారు. ఆ తేదీలు నా దగ్గర రాసి ఉన్నాయి.

"నువ్వు సూడనివ్వవే అప్పా. దెయ్యానికి కూడా లెక్కలడుగుతావేటి" అనేది నాగమ్మ. మా వైపు అక్కని అప్పా అంటాం.

ఆ రోజు ఎపిసోడ్‌లో రెండో కోడలు బిళ్ళ తీసి సొరుగులో పడేసింది. అద్దంలో దెయ్యం కనబడింది. అత్తగారు కోడల్ని చీకటి గదిలోకి తోసి గడియ పెట్టి, పోయిన అక్క కాళ్ళు పట్టుకుని క్షమాపణ అడగమంది. మంచి పట్టులో ఉంది. అప్పుడు నేను మళ్ళీ తప్పు పట్టాను.

"ఆ బిళ్ళ అలా పుస్తెల మధ్యలో వేలాడదే. పక్కకి ఉండాలి. కావాలంటే గౌరి మెడలో చూడు" అన్నాను.

గౌరి గుమ్మం దగ్గర కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. కొంగు మెడ చుట్టూ చుట్టుకుని ఉంది. అంత ఉక్కలో ఎందుకు చుట్టుకుందో నాకు అప్పుడు తట్టలేదు.

నాగమ్మ లేచి వెళ్ళి కొంగు లాగింది. పుస్తెలున్నాయి. పసుపుతాడు ఉంది. బిళ్ళ లేదు.

"ఏదే?"

"దారం తెగిపోనాది అత్తా. ఎక్కడో పడిపోనాది. పొద్దున్నుంచి ఎతుకుతన్నాను."

"పొద్దున్నుంచి ఎతుకుతన్నావా, పొద్దున్నుంచి దాస్తన్నావా?"

"నేదత్తా... దొరుకుతాది."

"దొరక్కపోతే? రేపు కోడి కూసీసరికి నిన్ను కోట బస్సెక్కించీసి వస్తాను. శ్రీనుగాడికి ఏటి సెప్పాలో నాకు తెలుసు. మీ అమ్మకి సెప్పుకో, సచ్చినోళ్ళ బంగారం తినీసేనని."

గౌరి ఏడవలేదు. మొహం మాత్రం తెల్లబడింది. వాళ్ళమ్మ ఆ పిల్లని ఇక్కడికి పంపడానికే ఎన్ని గుమ్మాలు తొక్కిందో మాకందరికీ తెలుసు. వెనక్కి వెళ్తే ఉండడానికి అక్కడ చోటు లేదు. బిళ్ళ దొరికితే కాపురం, దొరక్కపోతే బస్సు. అంతే.

నాగమ్మ టీవీ వైపు చూసింది. తర్వాత సామాన్ల గది వైపు చూసింది. ఆ చూపు నాకు అర్థమైంది.

"లెగు. అందులోకెల్లి అడుగు దాన్ని. ఎక్కడెట్టినావక్కా అని అడుగు. టీవీలో అడగమన్నట్టే అడుగు."

సామాన్ల గది అంటే కిటికీ లేని కొట్టు. ఎండు మిరపకాయల మూటలు, చింతపండు కుండలు, పాత గోనెలు. లైటు స్విచ్చి బయట. గడియ బయట. నాగమ్మ గౌరిని లోపలికి తోసింది. గడియ పెట్టింది. లైటు వెయ్యలేదు. వచ్చి నా పక్కన కూర్చుని, "ఏటైనాదే, ఆ మధ్యలో?" అని అడిగింది. జరిగింది చెప్పాను. నేనూ లేవలేదు. సీరియల్ మళ్ళీ అందుకున్నాం.

లోపల గౌరి ఏడుపు మొదలైంది. ఘాటుకి దగ్గు. దగ్గు మధ్యలో ఏడుపు. టీవీలోనూ ఆ పిల్ల ఏడుస్తోంది. కాసేపటికి ఎదురింటి టీవీలో కూడా. మూడు ఏడుపులు...

"మనదే బాగా ఏడస్తన్నాది" అంది నాగమ్మ.

ప్రకటనలు వచ్చాయి. సబ్బుల ప్రకటన నాగమ్మకి గిట్టదు. సౌండు నొక్కేసింది.

ఇక్కడి నుంచి నిదానంగా చెబుతాను.

సౌండు పోయింది. ఫ్యాను చప్పుడు ఉంది. హైవే మీద లారీ పోయిన చప్పుడు. ఎదురింట్లో వాళ్ళది ఇంకా ఏడుస్తోంది... అదీ ఆగింది. వాళ్ళకీ సబ్బు వచ్చింది.

గదిలో గౌరి కూడా ఆగింది.

ఒక్కసారిగా ఆగింది. ఏడుస్తున్న పిల్ల నోటి మీద ఎవరో మెల్లగా చెయ్యి వేసినట్టు.

ఆ తర్వాత... ఒక కూత. లావుగా. వెంటనే ఇంకొకటి. సన్నగా.

నా చేతిలో పల్లీలున్నాయి. నోట్లో వేసుకోబోయి ఆగాను.

"ఏడవకే..." అంది ఒక గొంతు. గౌరిది కాదు. మెత్తగా, ఊపిరి చాలక, ముక్కలు ముక్కలుగా వస్తోంది. "ఏడిస్తే గాలి అయిపోతాది. కొంగు తడుపుకుని ముక్కుకెట్టుకో... నీళ్ళు నేవు కదా. నాకూ నేవు."

కూత. లావుగా... సన్నగా.

"తలుపు కింద సందుంది సూడు. అక్కడ మూతి ఎట్టు. కొంచెం గాలొస్తాది. నానూ అక్కడే ఎట్టినాను."

నేను నాగమ్మ వైపు చూశాను. అది టీవీ వైపే చూస్తోంది. తెర మీద ఎవరో బట్టలు ఆరేస్తున్నారు. నాగమ్మ మెడ మీద నరం కొట్టుకోవడం కనబడుతోంది.

"అత్త సీరియల్ అయ్యేక తీస్తాది. మజ్జన తియ్యదు. అయ్యేదాకా ఓపిక పట్టు." కూత. లావుగా... సన్నగా. తర్వాత, "నాను పట్టలేకపోనాను."

నాగమ్మ రిమోట్ తీసింది. సౌండు పెట్టింది. పెంచింది. ఇంకా పెంచింది. సబ్బు పాట ఇల్లంతా మోగిపోతోంది. దాని వేలు మీట మీంచి రావడం లేదు.

నేను రిమోట్ లాక్కుని మళ్ళీ నొక్కేశాను. అది నా చెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగాయి.

"అప్పా, ఒద్దు" అంది.

గదిలోంచి... "పెద్దత్త వొచ్చినాదా ఈ యేళ? ఆవిడుంటే తీస్తాది. ఆ రోజు ఆవిడ నేదు."

పద్మా, గౌరీ... ఇద్దరూ నన్ను పిలిచేది పెద్దత్తా అనే.

లేచాను. గడియ తీశాను. లైటు వేశాను. తలుపు తోస్తే తెరుచుకోలేదు. అవతల బరువుంది. మెల్లగా జరిగింది. గౌరి నేల మీద బోర్లా పడుకుని ఉంది. పెదవులు తలుపు కింది సందుకి ఆనించి. కళ్ళు ఎర్రగా వాచిపోయాయి. గదిలో మూటలు, కుండలు, గోనెలు. ఇంకెవరూ లేరు. చూశాను. గోనెలు కూడా ఎత్తి చూశాను.

గౌరి లేచి కూర్చుంది. గుప్పిట విప్పింది. బిళ్ళ. తెగిన దారంతో సహా.

"ఎక్కడ దొరికిందే?" అన్నాను.

"మిరపకాయల మూట కిందన."

"ఆ చీకట్లోనా?"

గౌరి నా పక్కనుంచి, హాల్లో కూర్చున్న నాగమ్మని చూసింది.

"సీరియల్ అయిపోనాదా అత్తా?" అని అడిగింది. మర్యాదగానే అడిగింది.

మర్నాడు కోట బస్సు మాట ఎవరూ ఎత్తలేదు. శ్రీను వచ్చాడు, వెళ్ళాడు. ఎవరమూ చెప్పలేదు. పద్మ ఎక్కడ పోయిందని, ఆటోలోనా ఇంకెక్కడైనానా అని, నాగమ్మని ఒకసారి అడిగాను. "నీకు సెప్పినాను కదా" అంది. మళ్ళీ చెప్పమన్నాను. పొయ్యి మీద పాలున్నాయని లేచి వెళ్ళిపోయింది. పొయ్యి వెలిగించి లేదు.

గౌరిని కూడా కుళాయి దగ్గర పట్టుకుని అడిగాను. "ఆ మాటలన్నది నువ్వే కదా?"

"నువ్వు లెక్కలదానివి కదా పెద్దత్తా. నువ్వే లెక్కేసుకో" అంది, బిందె ఎత్తుకుంటూ.

వేసుకున్నాను. మిరప ఘాటుకి ఎవరి ఊపిరైనా కూతలు పెడుతుంది. బిళ్ళ పొద్దున్న ఆ గదిలోనే పడిపోయి ఉండొచ్చు, చీకట్లో చేతికి తగిలి ఉండొచ్చు. భయపెట్టాలనుకుంటే గొంతు మార్చడం కష్టం కాదు. ఇదంతా ఒక పక్క. గౌరి పద్మని ఎప్పుడూ చూడలేదు. ఆ కూతల వరస ఎలా ఉండేదో ఆ పిల్లకి తెలీదు. పద్మ పోయిన రాత్రి నేను ఊళ్ళో లేనని ఎవరు చెప్పారు? పద్మని ఆ గదిలో పెట్టిన సంగతి నాకే తెలీదే, గౌరికెలా తెలిసింది? ఇది ఇంకో పక్క. ఎన్నిసార్లు వేసినా రెండు పక్కలూ సరిపోవు.

ఆ గడియ పీకించేద్దామని నాగమ్మే అంది. వడ్రంగిని పిలిచింది కూడా. గౌరి అతన్ని గుమ్మంలోంచే పంపేసింది.

"ఉండనీ అత్తా. నీకు కాలూ సెయ్యీ ఆడనప్పుడు పనికొస్తాది" అంది.

నాగమ్మ సీరియల్ మానేద్దామనుకుంది. గౌరి మాననివ్వదు. తొమ్మిదిన్నరకి కుర్చీ వేస్తుంది. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెడుతుంది. "సూడత్తా, నీకిష్టం కదా" అంటుంది. రిమోట్ ఇప్పుడు గౌరి ఒళ్ళో ఉంటుంది. మెడలో బిళ్ళ పుస్తెల పక్కన, ఉండాల్సిన చోటే ఉంటుంది. ప్రకటనలు రాగానే సౌండు నొక్కేస్తుంది. ఎదురింటి టీవీ కూడా ఆగేదాకా ముగ్గురం కదలకుండా కూర్చుంటాం... సామాన్ల గది తలుపు వైపు చూడకుండా.

ఇంతవరకూ మళ్ళీ ఏమీ వినబడలేదు. నాకు వినబడలేదు.

నాగమ్మ మాత్రం ప్రతిసారీ గ్లాసులో నీళ్ళు తెచ్చుకుని పక్కన పెట్టుకుంటుంది. సౌండు ఆగగానే కొంగు అందులో ముంచి ముక్కుకి అడ్డం పెట్టుకుంటుంది.