ఆదివారం తెరిచిన అంగడి

ఆంధ్ర రాష్ట్రం వచ్చాక మద్రాసు సర్కారు చట్టాన్ని ధిక్కరించిన మొట్టమొదటి వ్యాపారి ఎవరని అడిగితే, నంద్యాలలో నా వయసు వాళ్లు మొహమాటం లేకుండా నన్నే చూపిస్తారు. (ఎవరూ అడగడం లేదు. అందుకే నేనే చెప్పుకోవలసి వస్తోంది.) ఆ ధిక్కారం ఖరీదెంతో చివర్లో లెక్క చెబుతాను గానీ, ముందుగా ఒక మాట: అంత తెలివిగా, అంత ధైర్యంగా, అంత సంపూర్ణంగా తప్పు చేసినవాడు మా బజారులో అంతకు ముందు లేడు, ఆ తరువాతా పుట్టలేదు.

అప్పటి గాలే వేరు. మొన్నమొన్నటి దాకా ఏ పెద్ద కాగితం కావాలన్నా మద్రాసు వైపు చూసేవాళ్లం. ఒక్కసారిగా రాజధాని మా జిల్లాకే వచ్చి కర్నూలులో కూర్చుంది. ఎద్దులబండి తోలేవాడు కూడా "మా రాజధాని" అంటూ ములుకోల ఊపేవాడు. మా నాయన ఏటా రెండుసార్లు సరుకు కోసం మద్రాసు పోయి, వచ్చీరాని అరవంలో బేరమాడి, రైలు దిగేసరికి గొంతు పోగొట్టుకుని వచ్చేవాడు. ఆయన ఎంతగా పొంగిపోయాడంటే, దీపావళి అమ్మకాలు కాగానే "మన జిల్లాకు రాజధాని వచ్చిందంటే చూడకుండా ఎట్లుండేదిరా" అని సంచి భుజాన వేసుకుని కర్నూలు బయలుదేరాడు. అప్పటికి నాకు పందొమ్మిదేళ్లు. మాది జవళి అంగడి. చీరలు, పంచెలు, రవికల గుడ్డలు అమ్ముతాం. పోతూ పోతూ నాయన మొలతాడుకున్న గల్లాపెట్టె తాళంచెవి తీసి నా అరచేతిలో పెట్టాడు. "నేను వచ్చేసరికి అంగడి అంగడి మాదిరే ఉంటే ఇది నీ నడుముకే. లేదంటే మళ్లా నా నడుముకే" అన్నాడు. నా చేతిలో పెట్టింది ఆ రాజధానే అనుకున్నాను.

మద్రాసు వాళ్లు చేసిన చట్టం ఒకటి ఉండేది. వారంలో ఒక రోజు అంగడి పూర్తిగా మూయాలి, పనిచేసేవాళ్లకు సెలవు ఇవ్వాలి. మా బజారుకు అది ఆదివారం. నాకు ఆ చట్టమంటే ఒళ్లుమంట. పైగా ఆ ఆదివారం ఆళ్లగడ్డ పెద్దాయన ఇంటిల్లిపాదితో మనవరాలి పెళ్లిబట్టలకు వస్తున్నట్టు కబురు పంపాడు. ముహూర్తం దగ్గర పడింది, వేరే రోజు కుదరదన్నాడు. అంత పెద్ద బేరం వాకిట్లోకి వస్తుంటే తలుపు మూసుకుని కూర్చోవడమా? అప్పుడే నా బుర్రలో ఆ మహత్తరమైన ఆలోచన మెరిసింది. మద్రాసు నుంచి మనం విడిపోయాం. అంటే మద్రాసు చట్టం మద్రాసులోనే ఉండిపోయింది. ఇక్కడ అంగడి తెరిస్తే ఎవడడుగుతాడు?

శనివారం సాయంత్రం మా గుమాస్తా అన్నకు ఈ సంగతి వివరించాను. (మనిషి సన్నగా నిటారుగా ఉంటాడని బజారంతా ఆయన్ను గజంబద్ద అనేది.) ఆయన నేను చెప్పిందంతా శ్రద్ధగా విని, చెప్పులు తొడుక్కున్నాడు.

"యాడికి పోతాండావన్నా?"

"యాడికేంది, గడివేములకు. రాష్ట్రం మారింది గానీ నా పెండ్లాం మారలేదప్పా. ఆదివారం ఇంటికాడ కనపడకుంటే నన్ను మద్రాసుకే తరుముతాది."

అలా నా సైన్యం యుద్ధానికి ముందే గడివేముల చేరింది.

ఆదివారం పొద్దున బజారంతా మూసిన తలుపులే. మధ్యలో మా అంగడి ఒక్కటే పెళ్లింటి వాకిలిలా తెరుచుకుని ఉంది. పెద్దాయన వచ్చాడు, వెంట ఇద్దరు కోడళ్లు, మనవరాలు, ఇంకా ఎవరెవరో ఆడవాళ్లు. ఇక్కడ ఒక సంగతి చెప్పకపోతే తరువాత కథ అర్థం కాదు. మా అంగడి ఉన్న కట్టడం ఒకప్పుడు ఆ పెద్దాయనదే. నాయన ఆయన దగ్గర కొని రిజిస్టరు చేయించుకున్నాడు. చవగ్గా ఇచ్చేశానని ఆయనకు ఇప్పటికీ మనసులో ముల్లు. వచ్చినప్పుడల్లా గోడలు తడిమి, "మంచి సున్నం గదా ఇది" అని నిట్టూర్చి కూర్చునేవాడు.

గజంబద్ద అన్న లేని లోటు తొలి గంటలోనే తెలిసింది. చీర విప్పడం నాకు వచ్చు, మడత పెట్టడం రాదు. మధ్యాహ్నానికి నేను మోకాలి దాకా పట్టులో మునిగి ఉన్నాను. అయినా నోరు మాత్రం మునగలేదు.

"ఏందప్పా, ఈ దినం మూసేది గదా? మీ బజార్లో ఎవురూ తెరవలే" అన్నాడు పెద్దాయన.

నేను ఛాతీ విరిచాను. "అది మద్రాసోళ్ల చట్టం పెద్దయ్యా. మనది ఇప్పుడు వేరే రాష్ట్రం. మన చట్టాలు మనం రాసుకోవల్ల. వాళ్లది మనకు చెల్లదు."

"రాసుకుంటే మంచిదే. రాసినారా?"

"ఇంకా రాయలేదు. రాస్తారు."

"అందాక?"

"అందాక ఏం లేదు."

ఆయన మీసం కింద నవ్వుకున్నాడు. "పోయినేడు నేనూ ఇట్లే చేస్తినప్పా. ముసిలి ఎద్దుల జతను అమ్మేసినా. కొత్త జత కొనేలోపల వాన పడె. ఊరంతా దున్నుకుంటాంటే నేను గట్టు మీద కూసోని చూసినా."

నాకు ఎద్దుల సంగతి ఎక్కలేదు. మళ్లీ చెల్లదు చెల్లదు అంటూ గట్టిగానే వాదించాను. ఆయన ఓపిగ్గా అంతా విని, గోడ తడిమి, నెమ్మదిగా అన్నాడు: "మద్రాసు సర్కారు కాగితం చెల్లదంటావ్. అయితే ఈ అంగడి మీ నాయనకు రిజిస్ట్రీ చేసిచ్చింది ఏ సర్కారు ముద్ర కింద? ఆ కాగితమూ చెల్లనట్టే గదా? అంటే ఇప్పుడు నేను నా అంగట్లోనే కూసున్యా. బాడుగ ఏమిస్తావ్?"

కోడళ్లు కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు. పెళ్లికూతురు మాత్రం దాచుకోకుండా పకపకా నవ్వింది. నాకు చెమటలు పట్టాయి. ఆయన తమాషాకు అంటున్నాడో, నిజంగా అంటున్నాడో ఆ ముఖం చూసి చెప్పగలిగినవాడు ఆళ్లగడ్డలోనే లేడు.

"ఆడోళ్ల ముందర ఎందుకు, ఇట్ల రా" అంటూ భుజం మీది తువ్వాలు తీసి నా చేతి మీద కప్పాడు. ఎద్దుల సంతలో దళారులు బేరమాడే పద్ధతి అది. తువ్వాలు కింద వేళ్లు పట్టుకుంటే ఆ వేళ్లే ధర, పక్కవాళ్లకు తెలియదు. ఆయన నా నాలుగు వేళ్లు ఒడిసి పట్టాడు. మొత్తం మీద నలభై తగ్గించమని. నేను ఆయన రెండు వేళ్లు పట్టాను. ఆయన మళ్లీ నాలుగు పట్టి, ఈసారి నొక్కాడు. పెద్ద బోర్డు ఒకటి మా తలల పైన "ఒకే మాట - ఒకే ధర" అని వేలాడుతోంది. (ఆ బోర్డును నమ్మిన గిరాకీ మా అంగడి చరిత్రలో ఒక్కడూ లేడు.) సరిగ్గా అప్పుడు గుమ్మంలో గొడుగు మడిచిన చప్పుడైంది. అంగళ్ల ఇనస్పెక్టరు గారు. అందరికీ సెలవైన రోజే ఆయనకు పని.

"అమ్మకం జరుగుతోందా?"

"లేదు సార్. కావలసినవాళ్లు. చెయ్యి పట్టుకుని పలకరిస్తాండా."

"తువ్వాలు కిందా?" అన్నాడాయన, మోకాలి లోతు చీరలను చూస్తూ.

దొరికిపోయానని తెలిసింది. అయినా వదల్లేదు. చట్టం, మద్రాసు, కొత్త రాష్ట్రం, మొత్తం ఉపన్యాసం ఆయనకూ వినిపించాను. ఆయన కోపగించుకోలేదు. "నేనూ మద్రాసు సర్కారు నుంచి వచ్చిన సరుకే అబ్బాయ్. నన్నూ చెల్లదంటావా?" అని కేసు రాసుకుని వెళ్లాడు. ఆ గందరగోళంలో నాలుగు వేళ్లకే బేరం ఖాయమైపోయింది. నొక్కిన చెయ్యి పెద్దాయన ఇంకా వదల్లేదు మరి.

నాయన కర్నూలు నుంచి తిరిగొచ్చాడు. "రాజధాని యాడుందిరా అంటే ఒక డేరా చూపించిరి. ఆఫీసులన్నీ డేరాలే. ఆ డేరాల్లో కూసోని మనోళ్లు రాష్ట్రం నడుపుతాండారు చూడూ, కండ్లల్లో నీళ్లొచ్చె" అన్నాడు. ఆ నీళ్లు ఆరకముందే నేను సంగతి చెప్పాను. ఆయన చెయ్యి చాపాడు. తాళంచెవి తీసి ఇచ్చేశాను. అది మళ్లీ ఆయన మొలతాడుకు చేరింది. జరిమానా ఎంతైనా కట్టవచ్చు. ఆ తాళంచెవిని మాత్రం ఎంత కట్టినా తిరిగి తెచ్చుకోలేను.

మేజిస్ట్రేటు కోర్టులో వకీలును పెట్టుకోనన్నాను. నా వాదన నేనే చేసుకుంటానని పట్టుబట్టాను. ఆ రోజు మా బజారు సగం అక్కడే ఉంది. సాక్షిగా పెద్దాయన వచ్చాడు. మడతలు నలగని పంచె కట్టుకుని నేను నిలబడి, మనం వేరుపడ్డాం, మన చట్టం మనమే రాసుకోవాలి, పాతది మనకు వర్తించదు అని, గొంతు వణకకుండా చెప్పాను. నిజం చెప్పొద్దూ, బాగానే చెప్పాను. వెనక ఎవరో చప్పట్లు కూడా కొట్టబోయారు.

మేజిస్ట్రేటు గారు అంతా విని పెద్దాయన వైపు తిరిగారు. "ఆ రోజు ఏం జరిగిందో మీరు చెప్పండి."

"ఏం చెప్పల్ల సామీ. ఈ పిల్లోడు ఇదే మాట నాకూ చెప్పె. అట్లయితే నా అంగడి నాకియ్యమంటి. జవాబు చెప్పకముందే ఇనస్పెక్టరు వచ్చె."

కోర్టు గొల్లుమంది. మేజిస్ట్రేటు గారు మాత్రం నవ్వకుండా నన్ను చూశారు. "మంచి ప్రశ్నే. చెప్పు. మద్రాసు చట్టం చెల్లదంటే అంగడి ఆయనది. చెల్లుతుందంటే జరిమానా నీది. ఏది కావాలి?"

ఎటు తిరిగినా గోడే. అప్పుడు జనంలోంచి మా నాయన గొంతు, మద్రాసు రైలు దిగినప్పుడు కూడా అంత బొంగురుగా వినలేదు:

"చెల్తాది సామీ! మద్రాసు చట్టం చెల్తాది! బాగా చెల్తాది!"

నవ్వులు ఆగాక మేజిస్ట్రేటు గారు చెప్పిన మాట ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది. "అన్నదమ్ములు వేరుపడితే ఇంట్లో సామాను పంచుకుంటారు. ఈ చట్టాలూ అలా మన వంతుకు వచ్చినవే. మార్చుకోవాలన్న మాట తప్పు కాదు బాబూ, మార్చుకోవలసిందే. కానీ అది చేసేది మన అసెంబ్లీ. నీ అంగడి తలుపు కాదు." 'మన అసెంబ్లీ' అన్నప్పుడు ఆయన గొంతులోనూ కొంచెం గర్వం పలికింది. ఓడిపోయింది నేనే అయినా, నాకూ ఒళ్లు పులకరించింది.

"ఇరవై రూపాయలు జరిమానా."

"పది చేసుకోండి సామీ" అన్నాను. ఆలోచించి కాదు. పుట్టిన దగ్గర్నుంచీ ధర వినగానే నాకు అదే నోట వస్తుంది.

"మీ అంగట్లో ఒక బోర్డు చూశాను. ఒకే మాట, ఒకే ధర. ఇక్కడా అంతే" అని ఆయన కాగితం పక్కన పెట్టారు. ఆ బోర్డును అంత గట్టిగా పాటించిన మనిషిని నేను అప్పుడే చూశాను.

బయటికి వచ్చాక పెద్దాయన నా భుజం తట్టి ఆళ్లగడ్డ బస్సెక్కాడు. నాయన నా ముందు నడిచాడు. బజారు మలుపులో ఆగాడు. "నీ మాట తప్పురా. కానీ చెప్పడం మటుకు... నేను ఇన్నేండ్లుగా ఇనస్పెక్టరును చూస్తే లేచి నిలబడినోణ్నే గానీ, నోరెత్తినోణ్ని కాదు" అంటూ మొలతాడు సడలించి తాళంచెవి తీశాడు. "ఆరు దినాలు నీ దగ్గర ఉంచుకో. శనివారం అంగడి కట్టేసినాక నాకియ్యి. ఆదివారం దాన్ని నీ చేతికి ఇచ్చేంత ధైర్యం నాకు ల్యా."

అలాగే ఇచ్చాను, ఆయన ఉన్నన్నాళ్లూ. చాలా ఏళ్లకు అంగళ్ల మీద మా చట్టం మేమే రాసుకున్నాం. పేపరులో ఆ వార్త చూసి, అందులో ఏం మారిందోనని ఆత్రంగా చదివాను. వారానికొక రోజు సెలవు అలాగే ఉంది. గజంబద్ద అన్నకు చదివి వినిపిస్తే, "చూస్తివా, నా పెండ్లాం మాట అసెంబ్లీ దాకా పోయింది" అన్నాడు. అదే సెలవు, అదే తలుపు. కానీ ఈసారి మూస్తున్నది మా చట్టం ప్రకారం. ఆ శనివారం సాయంత్రం గొళ్లెం పెడుతుంటే, ఆ పందొమ్మిదేళ్ల కుర్రవాడు పక్కన నిలబడి ఛాతీ విరుస్తున్నట్టే అనిపించింది. తలుపు వేశాక చెయ్యి దానంతటదే నడుము దగ్గరికి పోయింది, తాళంచెవి తీసి ఇవ్వడానికి. ఇవ్వడానికి ఆయన లేడు.

ఇక లెక్క. ఆ పెళ్లిబట్టల మీద న్యాయంగా రావలసిన లాభం యాభై ఒక్క రూపాయి. నాలుగు వేళ్ల కింద పోయింది నలభై. మిగిలింది పదకొండు. జరిమానా ఇరవై. నికర నష్టం తొమ్మిది రూపాయలు. కోర్టు బయట తాగిన కాఫీలకు ఇంకో మూడణాలు. అది మాత్రం నాయన నా పేరున రాయలేదు.