పదిహేడో బావి చివరి కొలత

ఎవరైనా దెయ్యాల కథ మొదలుపెడితే మధ్యలో లేచి వెళ్లిపోయే రకం నేను. ఏదైనా వింతగా కనిపిస్తే ముందు నా కోడ్‌లో తప్పు వెతుకుతాను. దాదాపు ఎప్పుడూ అక్కడే దొరుకుతుంది. ఈసారి దొరకలేదు.

నేను అనంతపురంలో ఇంటి నుంచే డేటా ఇంజనీరుగా పనిచేస్తాను. రెండేళ్ల కిందట ఒక చిన్న సంస్థ పని ఒప్పుకున్నాను. బెళుగుప్ప చుట్టుపక్కల పాత బావుల్లో నీటిమట్టం కొలవడం వాళ్ల పని. బావి మీద అడ్డంగా వేసిన ఇనుప పైపుకు ఒక డబ్బా బిగిస్తారు. అది కిందికి శబ్దం పంపి, ఎంత లోతులో అడ్డు తగిలిందో లెక్కకడుతుంది. తగిలింది నీళ్లో, రాయో, మట్టో దానికి తెలియదు.

గత నెలాఖరు వరకు వచ్చిన కొలతలన్నీ వాళ్లు ఒకే పెద్ద ఫైలుగా చేసి సోమవారం క్లౌడ్‌లో పెట్టారు. అక్కడి డేటాబేసులో మనకు కావలసినవి వెతికిపెట్టే చిన్న ప్రోగ్రామ్, అంటే ఫంక్షన్, మనమే రాసి పెట్టుకోవచ్చు. నేను మొదట రాసింది ఫైలు మొత్తాన్ని ఒక్కసారే మెమరీలోకి లాక్కోబోయి, ప్రతిసారీ సగంలో ఆగిపోయేది. గురువారం పొద్దున కూర్చుని తిరగరాశాను. కొంత చదవాలి, పనికొచ్చే వరుసలు బయటికివ్వాలి, చదివింది వదిలేసి ముందుకు పోవాలి. మట్టం ఒక్కసారిగా అయిదడుగులకు మించి మారిన చోట్లు, వాటికి ముందున్న రెండేసి కొలతలు మాత్రం చూపించమన్నాను.

మధ్యాహ్నం రెండున్నరకు నడిపితే ఇరవై నిమిషాల్లో పూర్తయింది. మెమరీ ఎక్కడా పెరగలేదు. ఆ సంతోషంలోనే ఫలితాన్ని నా ల్యాప్‌టాప్‌లోకి దించుకుని తెరిచాను.

చాలావరకు పాత వానల నాటి మార్పులే. చివరి మూడు వరుసలు పదిహేడో బావివి. మూడు గంటల పది నిమిషాలకు పైనుంచి నలభై రెండు అడుగులు. మూడూ ఇరవైకి నలభై రెండు. మూడున్నరకు పదకొండు.

తేదీ ఆ రోజుదే. గోడ గడియారంలో ఇంకా మూడు కూడా కాలేదు.

డబ్బాలో గడియారం తప్పయి ఉంటుందనుకున్నాను. అలాంటివి మామూలే. కానీ నెలల తరబడి చినుకు లేని చోట, ఎండిన బావిలో ముప్ఫై అడుగులకు పైగా నీళ్లెలా లేస్తాయి? అక్కడ డబ్బాలన్నీ చూసుకునే ఓబులేసన్నకు ఫోన్ చేశాను.

"అన్నా, పదిహేడో బావి డబ్బాలో టైమ్ సరిగ్గానే ఉందా?"

"డబ్బా యాడుండాదమ్మా ఈడ? మంగళవారమే ఊడబెరికి ఇంట్లో పెట్టినా. బ్యాటరీ గూడా తీసేసినా. బావిలో పూడిక తీస్తాండారు గదా."

"ఎవరు?"

"మా తమ్ముడు నాగన్న, ఇంకా ఇద్దరు. అడుగున ఉండారు."

డబ్బాకు తగిలింది నీళ్లే కానక్కర్లేదు.

"అన్నా, వాళ్లను వెంటనే పైకి పిలువు. గోడ పడేలా ఉంది. కొలతల్లో తెలుస్తోంది."

"డబ్బా నా ఇంట్లో ఉంటే కొలతలు యాడ్నుంచి వచ్చినాయమ్మా? పొద్దుననుంచి బాగానే జరుగుతాంది పని. ఇప్పుడు ఆపితే నన్ను తిడతారు." ఫోన్ పెట్టేశాడు.

మళ్లీ చేశాను. ఎత్తలేదు. ఇంకోసారి. మూడూ పదిహేనుకు, నాలుగోసారికి ఎత్తాడు.

"అన్నా, కింద ఉన్నది నీ తమ్ముడు. నా మాట తప్పయితే రేపు నేనే అక్కడికొచ్చి అందరి ముందు మాటలు పడతాను. ఇప్పుడు మాత్రం పైకి పిలువన్నా."

అతను ఫోన్ పక్కకు పట్టుకుని అరిచాడు: "రేయ్ నాగన్నా! పైకి రాండ్రా! టీ తాగి పోదురు!"

లైన్ కట్ చేయొద్దని బతిమాలాను. గిలక కిర్రుమంటోంది. ఒకరు వచ్చారు. ఇంకొకరు వచ్చారు. చివరగా నాగన్న గొణుగుడు దగ్గరగా వినిపించింది: "ఇంగ అర్ధగంటలో అయిపోతుండె గదన్నా!"

అప్పుడు మూడూ ఇరవై నాలుగు. ముగ్గురూ పైనే ఉన్నారని ఓబులేసన్న చెప్పాడు. నాకు సిగ్గుగా అనిపించడం మొదలైంది. రేపు ఏ ముఖం పెట్టుకుని వెళ్లాలా అనుకుంటున్నాను.

అంతలో ఫోన్‌లో లారీలోంచి కంకర గుమ్మరించినట్టు చప్పుడు. ఎవరో కేక పెట్టారు. చాలాసేపు దగ్గులు, పరుగులు.

"పడిపోయిందమ్మా," అన్నాడు ఓబులేసన్న. "తూర్పు గోడ అంతా పడిపోయింది."

మర్నాడు అతనే తాడుకు రాయి కట్టి దించి, పైనుంచి మట్టి దాకా కొలిచాడు. పదకొండు అడుగులు.

ఆ సాయంత్రమే అదే ఫంక్షన్‌ను అదే ఫైలు మీద మళ్లీ నడిపాను. ఆ మూడు వరుసలు రాలేదు. నేరుగా ఫైల్లో వెతికినా పదిహేడో బావి కొలతలు గత నెలాఖరుతోనే ఆగిపోయాయి. సోమవారం తర్వాత ఫైలును ఎవరూ ముట్టుకోలేదు, దాని సైజూ మారలేదు. నేను దించుకున్న ఫలితంలో మాత్రం ఆ మూడూ అలాగే ఉన్నాయి.

దాన్ని తోటి ఇంజనీరుకు పంపాను. ఎవరో పరీక్ష కోసం రాసిన వరుసలు కలిసి ఉంటాయన్నాడు. అయితే అదే బావి, అదే రోజు, అదే లోతు ఎలా రాశారు?

నెల తర్వాత నాగన్న వేరుశనక్కాయల సంచితో మా ఇంటికి వచ్చాడు. "నీకెట్ల తెలిసిందక్కా?" అని అడిగాడు. ల్యాప్‌టాప్ తెరిచి చూపించాను. అతను చివరి వరుస మీద వేలు పెట్టాడు.

"అంటే, మేము దీని కిందుండాల్సినోళ్లం," అన్నాడు.

ఆ ఫంక్షన్ నేను రాసిందే. ఒక్కో అక్షరం ఎందుకుందో చెప్పగలను. ఆ మూడు వరుసలు ఎక్కడినుంచి వచ్చాయో మాత్రం అతనికి ఆ రోజు చెప్పలేకపోయాను, ఈ రోజుకీ చెప్పలేను.